వేగము, త్వరణము

నిట్టనిలువుగా ఎగురవేసిన బంతి కొసయెత్తున క్షణమాత్రము నిలుచును. అప్పుడు వేగము సున్న. త్వరణమో? అదియు సున్నయేయని పలువురు విద్యార్థులు పొరబడుదురు. భూమ్యాకర్షణకు విరామము లేదు. ఆ క్షణమునను త్వరణము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే.

వాలుపలకపై గుండును దొర్లించి, నీటిధారతో కాలమును కొలిచిన గెలీలియో, పడు వస్తువుల వేగము సమముగా పెరుగునని 1638లో ప్రకటించెను. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ఆరంభించిన ‘ఫెట్’ పథకమువారు కంప్యూటరు తెరపై నడచు మనుష్యుని సృష్టించిరి. విద్యార్థి వాని వేగత్వరణములను తానే మార్చును. రేఖాపటము వెంటనే కనబడును. ముందుగా ఫలమును ఊహించి, పిదప చూచినచో, మనుష్యుడు వెనుదిరుగు క్షణమున వేగరేఖ సున్నను దాటుటయు, త్వరణరేఖ చలింపకుండుటయు తెలియవచ్చును.

బెత్తమునకు వెరచి వల్లించిన పాఠము పరీక్షతో పోవును. తన తప్పును తానే కనుగొని నేర్చినది జీవితాంతము నిలుచును.