సినిమా పాటకు రేడియో తలుపు మూసిన నాళ్ళు



నేడు ఎనుబదియేండ్లు దాటిన పెద్దలను తమ యౌవనకాలపు ముచ్చటలు చెప్పుడని కోరినచో, పెక్కురు ఒక వింతకాలమును జ్ఞాపకము చేసికొందురు. దేశమంతయు సినిమా పాటలు పాడుకొనుచుండగా, దేశపు రేడియోలో మాత్రము ఆ పాట వినరాని కాలమది.

1951లో ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ చిత్రములు వెలువడెను. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు గార్ల బాణీలు పొలముగట్లపైనను, బండ్లబాటలలోను వినబడజొచ్చెను. కాని సినిమా పాట యన్న పెద్దలకు వెగటు. పరదేశపు వరుసలు, శృంగారపు మాటలు పిల్లలను చెడగొట్టునని వారి భయము. అరుగుమీద కూర్చుండి కూనిరాగము తీసిన కుఱ్ఱవానికి, “ఆ సినిమా కూతలు కట్టిపెట్టి పుస్తకం తియ్యరా!” అను మందలింపు తప్పెడిది కాదు.

1952లో ఈ వెగటే ప్రభుత్వవిధానమయ్యెను. నాటి కేంద్ర సమాచార, ప్రసారశాఖామంత్రి బి. వి. కేస్కర్ గారు శాస్త్రీయ సంగీతమునందు గాఢమైన అభిమానము గలవారు. ఆలిండియా రేడియోలో సినిమా పాటల పాలు నూటికి పదికి తగ్గింపబడెను. చిత్రము పేరు చెప్పుట వ్యాపారప్రకటన యగునని, గాయకుల పేరు మాత్రమే చెప్పు నియమము వచ్చెను. నిర్మాతలు కినిసి ప్రసారపు అనుమతులను ఉపసంహరించుకొనిరి. కొలది నెలలలోనే సినిమా పాట రేడియోనుండి దాదాపు మాయమయ్యెను.

అప్పుడు కుఱ్ఱకారు ఏమి చేసిరి? ముల్లు త్రిప్పిరి. కొలంబోలో యుద్ధకాలమున సైనికులకొఱకు నెలకొల్పిన బలమైన ప్రసారయంత్రము రేడియో సిలోనుకు సంక్రమించియుండెను. 1952 చివరినుండి అందు అమీన్ సయానీ ‘బినాకా గీత్ మాలా’ నడపెను. హిందీ రాని తెలుగు యువకులును బుధవారపు రాత్రికై కాచుకొనెడివారు. షార్టువేవుపై పాట ఒక క్షణము దగ్గరకు వచ్చి, మరుక్షణము గరగరలో కలసిపోయెడిది. ఇంటివారు నిద్రించిన పిమ్మట, ధ్వని తగ్గించి, పెట్టెకు చెవి యానించి విన్న పాటలు వారికి ఇప్పటికిని కంఠస్థము.

ఐనను కేస్కర్ గారిని నిందించి ఊరకుండుట న్యాయము కాదు. సంస్థానములు అంతరించి ఆదరువు కోల్పోయిన విద్వాంసులకు రేడియో అన్నము పెట్టెను. 1952లోనే సంగీతమునకు జాతీయ కార్యక్రమము ప్రారంభమయ్యెను. మహావిద్వాంసుల కచ్చేరీలు పల్లెలలో పంచాయతీ రేడియో ముందు కూర్చున్నవారికిని అందెను. సినిమా పాటకు బదులుగా లలితసంగీతము పెంపొందింపబడెను. బాలాంత్రపు రజనీకాంతరావు గారు విజయవాడ కేంద్రమునుండి అందించిన ‘భక్తిరంజని’తో ఎన్నియో ఇండ్లలో తెల్లవారెడిది. ఆయన చేసిన మేలు తెఱచిన తలుపులవలన కలిగినది. మూసిన తలుపువలన కాదు.

తుదకు 1957 అక్టోబరు 3న ‘వివిధభారతి’ ప్రారంభమయ్యెను. సినిమా పాట స్వదేశపు రేడియోకు తిరిగివచ్చెను. చెడిపోవుదురని పెద్దలు భయపడిన ఆ యువకులు చెడిపోయిరా? రాత్రి ఘంటసాల పాట విన్నవారే ఉదయము భక్తిరంజని వినిరి. సినిమా పాటలో చెవికెక్కిన రాగమును త్యాగరాజ కీర్తనలో గుర్తుపట్టి, ఆ దారిని కచ్చేరీకి చేరినవారును కలరు.

గ్రంథాలయమునకును ఇందు పాఠము కలదు. డిటెక్టివు నవలకై వచ్చిన బాలుని గుమ్మములోనే కసరి పంపినచో, వాడు చదువుట మానడు; ఇచ్చటికి వచ్చుట మానును. వానిని రానిచ్చి, ఆ నవల ప్రక్కనే మఱియొక మంచి పుస్తకమును ఉంచుట మేలు.

ఆనాడు మందలింపులు తిన్నవారే నేడు తాతలై, మనుమలు వినుపాటలను చూచి “ఇదియు ఒక సంగీతమా!” అని విసుగుకొనుచున్నారు. అట్లు అనుటకు ముందు, చీకటిలో రేడియోకు చెవి యానించిన ఆ కుఱ్ఱవానిని ఒక్కమారు తలచుకొందురు గాక. పిదప మనుమని ప్రక్కన కూర్చుండి ఆ పాటను పూర్తిగా విందురు గాక. అటుపిమ్మట తమ పాటను వినిపించినచో, వాడును వినును.