నాయుడుగార్లందరూ ఒకే ఇంటివారా?



మన డర్బన్‌లో నాయుడులకు కొదువ లేదు. అందరమూ ఒకే వంశమా? కాదు. నాయుడు అన్నది గౌరవ పదం. ఆంధ్రదేశంలో ఇంటిపేరు ముందు, నాయుడు చివర. ఇక్కడి దస్తరాలలో చివరిదే ఇంటిపేరై కూర్చుంది, అసలుది జారిపోయింది.

వెదకడానికి దారి ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ దిగింది మొదలు 1911 వరకు నాతాలుకు 1,52,184 మంది వచ్చారు. ఓడ జాబితాలలో ఒక్కొక్కరికీ ఒక సంఖ్య ఉంది. చాలామందికి పక్కనే తండ్రి పేరు, జిల్లా, గ్రామం కనిపిస్తాయి. గుమాస్తా చెవికి తోచినట్లు రాసిన ఊరిపేరును పైకి చదవండి, తెలుగు పలుకుతుంది.

శాస్త్రమూ సాయపడుతుంది. వై క్రోమోజోము ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు సైక్స్, తన ఇంటిపేరే గల 48 మందిని పరీక్షిస్తే సగంలోపు వారికే ఒకే గుర్తు కనిపించింది. ఇద్దరిది ఒకే పితృవంశమో కాదో పరీక్ష చెప్పగలదు. ఊరు చెప్పలేదు, తల్లివైపు చెప్పలేదు.

జారిపోయిన ఇంటిపేరు చాలా ఇళ్ళలో అవ్వల నోటనే మిగిలింది. వారుండగానే అడిగి, తెలుగులో రాసి పెట్టుకోండి. జాబితాలు ఎక్కడికీ పోవు, అవ్వలు ఆగరు.