చేసైగను గుర్తించు రాడారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన బుడ్డల చేలలో ఈ గట్టున నున్నవాడు ఆ గట్టున నున్నవానిని చేయి యాడించి పిలుచును. మాట వినబడకున్నను పిలుపు తెలియును. ఇట్టి సైగను యంత్రము గ్రహింపగలదా? గ్రహింపగలదు. అందుకు కన్ను అక్కరలేదు, రాడారు చాలును.

రాడారనగానే మన సీమవారికి గాదంకి జ్ఞాపకము రావలెను. తిరుపతికి సమీపమున ఆ గ్రామమందు 1992లో జాతీయ కేంద్రము నెలకొల్పబడినది. అందలి రాడారు 1024 యాంటెన్నాలతో ఆకాశమునకు తరంగములను పంపి, మరలివచ్చిన వానినిబట్టి పైగాలి వేగమును చెప్పును. స్టేషనులో ఆగక పోవు రైలు కూత దగ్గరకు వచ్చునప్పుడు సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును గదా! 1842లో డాప్లరు పండితుడు వివరించిన ఈ ధర్మమే దీనికి మూలము.

గాదంకి తరంగము పొడవు అయిదున్నర మీటర్లకు మించును. వ్రేళ్ల కదలికను పట్టుటకు అది పనికిరాదు. 2015లో గూగుల్ సంస్థవారు ప్రకటించిన ‘సోలీ’ అను చిన్న రాడారు 60 గిగాహెర్ట్‌జుల తరంగమును వాడును. దాని పొడవు 5 మిల్లీమీటర్లే. అది బొమ్మ తీయదు. చేయి ఎంత దూరమున, ఎంత వేగమున కదలెనో కొలిచి, ముందు నేర్చిన సైగలతో పోల్చుకొనును. చీకటియైనను దానికి అడ్డులేదు. 2019లో పిక్సెల్ 4 అను ఫోనున దీనిని అమర్చిరి; చేయి విసరినంతనే పాట మారెను. ఆ తరంగమునకు అనుమతి లేనందున ఆ ఫోను మన దేశమున అమ్మబడలేదు.

ఇక అసలు సంగతి. మనము అరచేతిని క్రిందికి త్రిప్పి వ్రేళ్లాడించి పిలుతుము. పాశ్చాత్యులు పైకి త్రిప్పి పిలుతురు. వారి చేతులనే చూపి నేర్పిన యంత్రము మన ‘రమ్ము’ను ‘పొమ్ము’గా భ్రమింపవచ్చును. ఆ దోషము రాడారుది కాదు, నేర్పిన పాఠముది.

కనుక మన పిల్లలు యంత్రమును వాడువారుగానే మిగులక, దానికి పాఠము చెప్పువారు కావలెను. అందుకు గణితము, భౌతికశాస్త్రము చదువవలెను. ఈ రజతోత్సవమునకు కానుకగా ఇంటికొక శాస్త్రగ్రంథమును ఈ బీరువాలకు సమర్పింపుడని చేతులు జోడించి కోరుచున్నాను. ఈ సైగ మీకు తప్పక తెలియును.