బలమా? మందా?

(గోరంట్ల పఠనమందిరమునఁ జేసిన ప్రసంగము)

2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సునందు శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లేశ్వరి మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గొన్నపుడు తెలుగుజాతి యంతయు నుప్పొంగెను. 2004లో ఏథెన్సునందు అదే క్రీడలో నిరువురు భారత మహిళలు నిషిద్ధౌషధపరీక్షలోఁ బట్టుబడినపుడు తలవంచుకొంటిమి.

న్యాయవాదులమగు మేమొకమాట మనవిచేసెదము. 2022లో మన పార్లమెంటు చేసిన చట్టము కఠినమైనది. మందు దేహమునఁ గనఁబడినచో క్రీడాకారుఁడే యుత్తరవాది. “తెలియక మ్రింగితిని” అన్నచో శిక్ష తగ్గిన తగ్గవచ్చును. దోషము మాత్రము పోదు. కండలు పెంచు స్టెరాయిడ్లు గుండెను, కాలేయమును జెఱచును.

కావున బిడ్డలను వ్యాయామశాలకుఁ బంపు తండ్రులారా! గురువిచ్చు పొడి యేమో, సూదిమందేమో యడుగుఁడు. ఓడి యింటికివచ్చిన బిడ్డను గౌరవముతో నెదుర్కొనుఁడు. ఇంట నా గౌరవము దొరకనివాఁడే మందును వెదకికొనును.