తెరమీది రేవు – రెండు యంత్రముల ఓడ



ఓడ నడుపుట నేర్వగోరువాడు పూర్వము సముద్రమునకే పోవలసియుండెను. నేడు ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండియు కొంతవరకు నేర్వవచ్చును. రాటర్‌డామ్ నగరమునందలి వీస్టెప్ అను సంస్థవారు 2006వ సంవత్సరమున ‘షిప్ సిమ్యులేటర్’ అను ఆటను వెలువరించిరి. తరువాత అట్టివి మరికొన్ని వచ్చినవి. వానిలో ముఖ్యమైన ప్రతిపక్షి మనుష్యుడు కాడు. గాలియు, నీరును, ఓడ బరువును. అట్టి ఆటలో రెండు యంత్రములు గల ఫెర్రీ ఓడను జెట్టీకి చేర్చుట ఎట్లు నేర్వవలయునో, ఆ నేర్పు ఎంతవరకు నిజమైనదో నేడు మనవి చేసెదను.

గోదావరి పాయలపై మనుష్యులను, బండ్లను ఆవలి గట్టునకు దాటించు పంటును చూచినవారికి ఫెర్రీ యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పనినే సముద్రముపై చేయు ఓడ ఫెర్రీ. పరిమాణమున మాత్రము పోలిక లేదు. రాటర్‌డామునకును ఇంగ్లండులోని హల్ రేవునకును నడుమ తిరుగుటకై 2001లో నిర్మింపబడిన ‘ప్రైడ్ ఆఫ్ రాటర్‌డామ్’ పొడవు సుమారు 215 మీటర్లు. ఇంతటి ఓడను జెట్టీ ప్రక్కకు చిన్న దెబ్బయైన తగులకుండ చేర్చుటయే సరంగు పనిలో కఠినమైన భాగము. నడిసముద్రమున ఓడను ముందునకు నడుపుట అంత కష్టము కాదు; నిలుపుటయే కష్టము.

ఆటలో మన యెదుట రెండు మీటలుండును. ఒకటి ఎడమ యంత్రమునకు, రెండవది కుడి యంత్రమునకు. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క ప్రొపెల్లరును త్రిప్పును. రెండు యంత్రములు వేగము కొరకే యని క్రొత్తవాడు తలచును. అందుచే రెండు మీటలను ఒక్కటిగనే ముందునకు త్రోసి, తక్కిన పనియంతయు చుక్కానికి విడుచును. వేగముగ పోవునపుడు ఇది చెల్లును. రేవు దగ్గరపడి వేగము తగ్గినకొలదిని చుక్కాని మాట ఓడ వినదు. కారణము సులభము. చుక్కాని తనంతట ఓడను త్రిప్పజాలదు. దానిని ఒరసికొని పారు నీరు త్రిప్పును. నీటి ఒరపు తగ్గిన చుక్కాని వట్టి పలక.

అప్పుడు అక్కరకు వచ్చునవి రెండు మీటలు. జోడెడ్ల బండిని ఇరుకు సందులో మలుపువాడు ఏమి చేయును? ఒక యెద్దును నిలబట్టి రెండవదానిని అదలించును. ఓడయందును అంతే. ముందు కొన కుడికి తిరుగవలెనన్న ఎడమ యంత్రమును ముందునకును, కుడి యంత్రమును వెనుకకును నడుపవలయును. ఓడ ఇంచుమించు ఉన్నచోటనే తిరుగును. అయితే రెండు మీటలను సమముగ ఉంచినచో ఓడ మెల్లగ ముందునకు జారుచుండును. ఏలయన ప్రొపెల్లరు వెనుకకు త్రిప్పినపుడు ముందునకు త్రిప్పినంత బలము చూపదు. కాబట్టి వెనుకకు నడుచు యంత్రమునకు కొంచెము హెచ్చు శక్తి నీయవలయును. ఈ కొంచెము ఎంతయో ఏ గ్రంథమును చెప్పదు. చేయి నేర్వవలసినదే.

రెండవ పాఠము వెనుక కొనను గూర్చినది. ఓడ ముందు కొనను మన నావికులు అణియమనియు, వెనుక కొనను అమరమనియు అందురు. ముందునకు పోవు ఓడ తన నడుమను ఇరుసుగ చేసికొని తిరుగదు. అణియము నుండి సుమారు మూడవ వంతు పొడవున నున్న చోటు ఇరుసగును. అనగా అణియము ఒక గజము కుడికి మరలునప్పటికి అమరము రెండు గజములు ఎడమకు చిమ్మును. క్రొత్తవాడు అణియమునే చూచుచు, జెట్టీకి దూరముగ మరలితినని సంతోషించును. వెనుక అమరము జెట్టీని కొట్టును. పెక్కు ఫెర్రీలలో నడుపువాడు నిలుచు గది ముందువైపున నుండుటచే అపాయము వీపు వెనుక, సుమారు రెండు వందల మీటర్ల దూరమున జరుగును.

మూడవది వేగము. గంటకు 6 నాటికల్ మైళ్లనగా చూపరులకు నత్తనడకవలె తోచును. కాని అది నిమిషమునకు 185 మీటర్లు. వేగము సగమైన ఓడలోని తాకిడి శక్తి నాలుగవ వంతగును, రెట్టింపైన నాలుగింతలగును. జెట్టీని తాకునపుడు గంటకు అర మైలు, అనగా నిమిషమునకు 15 మీటర్లు, చాల హెచ్చు వేగము. ఇట్టి బరువు మీటను వెనుకకు లాగినంతనే నిలువదు. ఆజ్ఞ ఇప్పుడు, ఫలము అటుపిమ్మట. కావున తిరుగుట మొదలైన వెంటనే దానిని ఆపు ఆజ్ఞను సిద్ధముగ నుంచుకొనవలయును. తిరుగుట పూర్తియైన తరువాత ఆపుదమనుకొన్నవాడు ఆలసించినట్లే.

నాల్గవది గాలి. ఫెర్రీ ప్రక్కభాగము ఎత్తైన గోడవంటిది. గాలి వేగము రెట్టింపైన దానిపై త్రోపు నాలుగింతలగును. ఓడ నెమ్మదించినకొలదిని గాలికి లోబడును. ఇట వేగము తగ్గింపవలయునన్న నియమమును, తగ్గించిన గాలి కొట్టుకొనిపోవునన్న భయమును ఒకదానితో నొకటి పోరాడును. ఈ రెంటి నడుమ తగిన వేగమును ఎన్నుకొనుటయే సరంగు వివేకము.

ఇది వట్టి ఆటయే కదా యని కొందరనవచ్చును. ఓడ నేర్పును బొమ్మలతో నేర్చుట హాస్యాస్పదము కాదు. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ సమీపమందలి పోర్ట్ రెవెల్ లో 1967 నుండి పెద్ద ఓడల కెప్టెన్లే 25వ వంతు పరిమాణము గల చిన్న ఓడలలో కూర్చుండి చెరువులో అభ్యసించిరి. నావికుల శిక్షణను గూర్చి 1978లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను 1995లో సవరించినపుడు రాడారు శిక్షణకు కృత్రిమాభ్యాస యంత్రములను విధిగ చేసిరి. ఇంటి ఆట వీనికి సమానము కాదు. కాని జాతి ఒకటే.

అయినను ఆట నేర్పజాలనివి రెండు కలవు. 2003 అక్టోబరు 15వ తేదీన న్యూయార్కునందు ‘ఆండ్రూ జె. బార్బెరి’ అను ఫెర్రీ స్టాటెన్ ద్వీపపు రేవునకు వచ్చుచు, వేగము తగ్గకయే కాంక్రీటు కట్టడమును ఢీకొనెను. 11 మంది ప్రయాణికులు మరణించిరి. నడుపుచున్న సహాయ కెప్టెను అశక్తుడై పోయెననియు, ఓడపై అదుపు నిలుపవలసిన కెప్టెను తన విధి నెరవేర్పలేదనియు విచారణలో తేలినది. అచట లోపించినది చేతి నేర్పు కాదు. రెండవ మనుష్యుని మెలకువ. ఇంటిలో ఆడువాడు ఏకాకి. తన తప్పును పట్టు మరియొక కన్ను వానికి లేదు. ఇది మొదటి కొరత.

రెండవ కొరత ఇంకను సూక్ష్మమైనది. ఆటలో జెట్టీని గుద్దిన ఒక మీట నొక్కి మరల మొదలుపెట్టవచ్చును. ఈ సౌకర్యమే నేర్చుటకు మేలు, నేర్చినదానికి కీడు. వెల లేని తప్పునకు మనస్సు అలవాటుపడిన, చేయి నేర్చినను బుద్ధి నేర్వదు. కాబట్టి ఈ ఆట నేర్వగోరు యువకులకు నాదొక మనవి. గుద్దినపుడు వెంటనే మరల మొదలుపెట్టకుడు. ఏ క్షణమున ఏ మీట ఎచట నుండెనో, అంతకు రెండు నిమిషములకు ముందు ఏమి చేసియుండవలసినదో కాగితముపై వ్రాసికొనుడు. సాధ్యమైన ఒక స్నేహితుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ ప్రతి ఆజ్ఞను పైకి చెప్పి, అతనిచే తిరిగి చెప్పించుకొనుడు. నిజమైన ఓడలపై జరుగునది అదియే.

అట్లు చేసినవాడు ఎన్నడును సముద్రము చూడకపోయినను ఒక సంగతి నేర్చును. బరువైన వస్తువు ఏదియు, ఓడయైనను మరొకటియైనను, తొందరకు లొంగదు; ముందుచూపునకే లొంగును.