సాఫ్ట్‌వేర్ వ్యాపారంలో పొత్తు: ముందే రాసుకుందాం
(సమాఖ్య వార్షికోత్సవ సభలో బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం బ్రూక్‌ఫీల్డ్‌లో ఏఈసీఎస్ లేఅవుట్ దగ్గర చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాం. ఇద్దరం మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లమే. వ్యాపారంలో పొత్తు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పమని పెద్దలు అడిగారు. అందుకని మా పొత్తు ఒకసారి ఎలా చెడిందో ముందు చెప్తాం. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదట్లో మేం ముగ్గురం. ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. ఉద్యోగాలు చేసుకుంటూనే రాత్రిళ్లు కూర్చుని దుకాణాల బిల్లింగ్ కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశాం. అందులో ముఖ్యమైన కోడ్ అంతా మూడో మిత్రుడే రాశాడు. అప్పటికి కంపెనీ రిజిస్టర్ కూడా కాలేదు. "మన మధ్య కాగితాలేంట్రా" అనుకున్నాం.

మూడో ఏడు అతనికి ఇంట్లో ఇబ్బందులొచ్చి తప్పుకుంటానన్నాడు. కోడ్ నాది అన్నాడు. కాదు, కంపెనీది అని మేమన్నాం. ఆరు నెలలు మేం జీతం తీసుకోలేదు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి పనివాళ్లకు జీతాలిచ్చాం. చివరికి అతనికి ఇంత అని డబ్బిచ్చి సర్దుకున్నాం. కంపెనీ నిలబడింది, స్నేహం నిలబడలేదు. మొన్న వాళ్లింటి గృహప్రవేశానికి మాకు పిలుపు రాలేదు.

తర్వాత లాయరు చెప్తే గానీ మాకు తెలియలేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. ఉద్యోగి కానివాడు రాస్తే అది మామూలుగా రాసినవాడిదే. కంపెనీకి రావాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలి. అలాగే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు అందరికీ సమానం. పగలూ రాత్రీ కష్టపడినవాడికీ, శనివారం వచ్చి పోయేవాడికీ ఒకటే వాటా!

అప్పుడు మాలో ఒకరి తాతగారి పాసుపుస్తకం గుర్తొచ్చింది. చేనేత సహకార సంఘంలో నూలు తూచి ఇచ్చేవారు, చీర తూచి తీసుకునేవారు. నూలెంత, జరీ ఎంత, మజూరీ ఎంత, అన్నీ రాసేవారు. సంఘం కార్యదర్శి తాతగారికి బావమరిదే. అయినా తూకం మానలేదు. అలా తూచుకున్నారు కాబట్టే వాళ్ల చుట్టరికం చెడలేదు. ఇంజినీరింగ్ చదివిన మాకు ఆ తెలివి లేకపోయింది.

కలిసి గెలిచినవాళ్లూ మన బెంగళూరులోనే ఉన్నారు. 2005 దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, మిత్రులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. అక్కడ పొత్తు ఆ ముగ్గురిదే కాదు, బస్సుల యజమానులతో కూడా. సీట్లు వాళ్లవి, అమ్మిపెట్టేది వీళ్లు. ఎదుటివాడికి లాభం కనబడితేనే అలాంటి పొత్తు సాగుతుంది. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూపు కొనుక్కుంది.

కంపెనీకీ కంపెనీకీ మధ్య పొత్తు కూడా చూడండి. 1994లో అమెరికాకు చెందిన డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్, హైదరాబాద్ సత్యం కలిసి చెన్నైలో ఒక సంస్థ పెట్టాయి. వాటాలు 76, 24. కొన్నేళ్లకు సత్యం తన వాటా అమ్మేసి తప్పుకుంది. ఆ సంస్థే నేటి కాగ్నిజెంట్. భాగస్వామి తప్పుకున్నంత మాత్రాన సంస్థ మూతపడనక్కర్లేదు.

ఇప్పుడు మేం ఏ పొత్తుకైనా ముందు నాలుగు సంగతులు రాసుకుంటున్నాం.

ఒకటి, ఎవరి వాటా ఎంత, ఎవరి పని ఏది. వాటా మొత్తం మొదటిరోజే ఇవ్వం. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా చేతికొస్తుంది. ఏడాది లోపు వెళ్లిపోతే ఏమీ రాదు.

రెండు, కోడ్ ఎవరిది. కంపెనీ పెట్టకముందు రాసినదాన్ని కూడా కలిపి రాసుకుంటాం.

మూడు, డబ్బు. చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి, జీతం ఎంత, నష్టమొస్తే ఎవరు ఎంత పెట్టాలి. పెద్ద కంపెనీకి పనిచేసిపెట్టేటప్పుడు ఇంకో మాట. చిన్న సంస్థగా ఉద్యమ్‌లో నమోదై ఉంటే, 2006 చట్టం ప్రకారం ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. మొహమాటపడి 90 రోజులకు ఒప్పుకోకండి.

నాలుగు, విడిపోవడం. పెళ్లిరోజు విడాకుల మాటలా ఉంటుంది, నిజమే. కానీ గొడవ లేని రోజునే అది ప్రశాంతంగా రాసుకోగలం.

సమాఖ్యకు మాదొక విన్నపం. మన పిల్లల కోసం ఒక నమూనా ఒప్పందం తెలుగులో తయారుచేయిద్దాం. మన లాయర్లు, ఆడిటర్లు నెలకొక పూట కేటాయిస్తే చాలు. కూర్చోవడానికి బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు ఉంది. టీ ఖర్చు మాది.

చివరగా ఒక్క మాట. మా మూడో మిత్రుడు కూడా ఈ సమాఖ్య సభ్యుడే, ఈ సావనీర్ అతనికీ అందుతుంది. ఆ రోజు రాసుకోకపోవడం ముగ్గురి తప్పూ, నీ ఒక్కడిదే కాదు. పిలవకపోయినా మేమే ఒకరోజు మీ కొత్తింటికి వస్తాం.

సెలవు. జై చేనేత.