టైరు మీది అక్షరము

కారు కొనబోవు గృహస్థుడు దాని రంగును చూచును. ఆసనముల మెత్తదనమును చేతితో నొక్కి చూచును. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడచునని రెండు మూడు మారులు అడుగును. వంగి టైరు ప్రక్కభాగమును చదువువారు మాత్రము అరుదు. అయినను ఇంటిల్లిపాది భారమును మోయుచు నేలను తాకియుండునవి ఆ నాలుగు టైర్లే. ఒక్కొక్క టైరు భూమిని అంటియుండు చోటు ఇంచుమించు అరచేతి పాటిది. బండి పరుగును, మలుపును, ఆగుటయు ఆ నాలుగు అరచేతుల మేర మీదనే ఆధారపడియున్నవి. కావున టైరుపై అచ్చువేసిన గుర్తులు మనకు ఏమి చెప్పుచున్నవో, వానికిని ప్రయాణ సుఖమునకును గల సంబంధమెట్టిదో నేటి ప్రసంగమున మనవి చేయుదుము.

సాధారణమైన కారు టైరు నొకదానిని చూతము. దానిపై ‘185/65 ఆర్ 15 88 హెచ్’ అని యున్నదనుకొందము. 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 పాళ్లు. అనగా సుమారు 120 మిల్లీమీటర్లు. ‘ఆర్’ రేడియల్ అల్లికకు గుర్తు. 15 అనునది చక్రపు రిమ్ము వ్యాసము, అంగుళములలో. 88 బరువును తెలుపు సంకేతము; ఆ టైరు 560 కిలోగ్రాముల వరకు మోయగలదని దాని అర్థము. కడపట నున్న ‘హెచ్’ వేగ సంకేతము. గంటకు 210 కిలోమీటర్ల వేగమును ఆ టైరు తట్టుకొనగలదని నిర్మాత ఇచ్చు హామీ అది.

ఈ అక్షరములకు ఒక వరుస కలదు. ‘క్యూ’ 160, ‘ఆర్’ 170, ‘ఎస్’ 180, ‘టి’ 190, ‘యు’ 200, ‘హెచ్’ 210, ‘వి’ 240, ‘డబ్ల్యు’ 270, ‘వై’ 300 కిలోమీటర్లు. ఇందు ‘హెచ్’ తన చోటు తప్పి ‘యు’ తరువాత నిలిచినదేమని పిల్లలు సైతము అడుగవచ్చును. తొలుత ఐరోపాలో ‘ఎస్’, ‘హెచ్’, ‘వి’ అను మూడు తరగతులే యుండెను. తరువాత కార్ల వేగములు పెరిగి, మధ్య మెట్లు అవసరము కాగా తక్కిన అక్షరములను చేర్చిరి. పాత ‘హెచ్’ను ఎవరును కదలింపలేదు.

ఇచ్చట ఒక సందేహము సహజముగా కలుగును. మా బనగానపల్లె నుండి యాగంటికి పోవు భక్తుడు గాని, నంద్యాల ఆసుపత్రికి రోగిని కొనిపోవు గృహస్థుడు గాని, గంటకు 210 కిలోమీటర్ల వేగమున పోవునా? పోడు, పోరాదు, మన రహదారులలో అంత వేగమునకు అనుమతియు లేదు. అట్లయిన ఆ అక్షరముతో మనకేమి పని?

పని యున్నది. ఆ అక్షరము పేరునకు వేగమును చెప్పుచున్నను, వాస్తవముగా చెప్పునది వేడిని ఓర్చుకొను శక్తిని. ‘185/65 ఆర్ 15’ టైరు చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెము తక్కువ. కిలోమీటరునకు అది సుమారు 510 మారులు తిరుగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునపుడు సెకనుకు 14 మారులు. తిరిగినప్పుడెల్ల ప్రక్కగోడ నేలవద్ద అణగి, మరల లేచును. రబ్బరు అణగినపుడు గ్రహించిన శక్తినంతయు తిరిగి ఇయ్యదు. కొంత వేడిగా మిగుల్చుకొనును. ఇనుప తీగను మాటిమాటికి వంచినచో వంపుచోట వేడెక్కుట మనమెరిగినదే కదా. వేడి మితిమీరినచో పొరలకును రబ్బరునకును గల పట్టు సడలును. తుదకు టైరు పొరలు పొరలుగా ఊడుటయో, పగులుటయో సంభవించును.

ఈ ఓర్పును పరీక్షించుటకు ఐక్యరాజ్యసమితి వారి 30వ నిబంధనలో ఒక పద్ధతి కలదు. టైరును ఒక పెద్ద ఉక్కు పీపాయికి ఒత్తి, భారమునుంచి, మెట్టు మెట్టుగా వేగమును పెంచుచు మొత్తము ఒక గంటసేపు త్రిప్పుదురు. మన దేశమున 2009 నాటి ప్రభుత్వ ఉత్తరువు మేరకు టైర్లకు భారతీయ ప్రమాణముల గుర్తు తప్పనిసరి అయినది. అయితే ఆ పరీక్షాగృహపు వేడిమి సామాన్యముగా 20 నుండి 30 డిగ్రీల నడుమ నుండును. మా సీమలో వైశాఖ జ్యేష్ఠముల మధ్యాహ్నము గాలి వేడిమియే 40 డిగ్రీలు దాటును. తారు రోడ్డు అంతకంటెను మిక్కిలి కాగియుండును. పరీక్షించిన టైరు క్రొత్తది, సరియైన గాలి గలది. మన టైరు మూడు నాలుగు వేసవులు చూచినది. పెండ్లివారితోను పెట్టెలతోను నిండినది. కావున 210 అను అంకె మన వేగమునకు అనుజ్ఞ కాదు. మన ఎండకును బరువునకును ఏర్పరచుకొన్న అదనపు ఓర్పు మాత్రమే.

ఇక సుఖము మాట. గాలి టైరు పుట్టినదే సుఖము కొరకు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపు తగ్గించుటకై చక్రములకు గాలి గొట్టములను అమర్చెను. చక్రమునకు ఇనుప పట్టా గల ఎద్దుబండిలో రాతి బాటన పయనించినవారికి ఆ మార్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. గతుకును ముందుగా మ్రింగునది గాలియు, మెత్తని ప్రక్కగోడయు. స్ప్రింగుల వంతు ఆ తరువాతనే.

అధిక వేగమునకు ఏర్పరచిన టైరులో ఉక్కు పట్టీలపై నైలాను పొరను బిగువుగా చుట్టుదురు, ప్రక్కగోడను గట్టిపరచుదురు. వేగమున టైరు ఉబ్బి ఆకారము చెడకుండుటకు ఇది అవసరము. ఫలితముగా మలుపులలో బండి నిలకడగా నుండును, కాని చిన్న గతుకులు కొంచెము ఎక్కువగా తెలియును. ‘టి’ నుండి ‘హెచ్’ కు మారినపుడు ఈ భేదము స్వల్పము. ‘వి’, ‘డబ్ల్యు’ తరగతులలో హెచ్చుగా తెలియవచ్చును. అయినను కుదుపుల నేరమంతయు అక్షరము మీద మోపుట న్యాయము కాదు. ప్రక్కగోడ ఎత్తు అంతకంటె ముఖ్యము. అందము కొరకు పెద్ద రిమ్ములు వేయించి ‘205/45’ టైర్లు తొడిగినచో 120 మిల్లీమీటర్ల గోడ 92 కు దిగును. గతుకునకును రిమ్మునకును నడుమ నుండు మెత్త ఆ మేరకు పలుచనగును.

మా ప్రాంతపు బాటలకు ఈ విషయము మరింత చెల్లును. కోయిలకుంట్ల వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. దానిపై వేసిన రోడ్డు అలలు తేలును. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతముల నాపరాళ్లను మోయు లారీల బరువునకు రోడ్డు అంచులు విరిగి వాడి తేలును. అట్టి అంచు పలుచని గోడను రిమ్మునకు ఒత్తి లోపలి దారములను తెంపును. కొన్నాళ్లకు ప్రక్కన బుడిపె లేచును. బుడిపె లేచిన టైరునకు వేగ సంకేతము హామీ ఇయ్యదు. దానిని మార్చుటయే కర్తవ్యము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. వేసవిలో టైరు పగులునను భయముచేతను, కుదుపు తగ్గునను ఆశచేతను గాలిని తగ్గించి నడుపువారు మన ఊళ్లలో పెక్కుమంది. ఇది మేలు చేయునట్లు తోచును, కాని కీడు చేయును. గాలి తగ్గిన టైరు ఎక్కువగా అణగును. ఎక్కువగా అణగినది ఎక్కువగా వేడెక్కును. ఆ వేడియే ప్రమాదమునకు మూలము. వేడిమి పది డిగ్రీలు పెరిగిన లోపలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పౌండ్లు పెరుగుట సహజమే. నిర్మాతలు దానిని లెక్కించియే టైరును తయారుచేయుదురు. కావున దారిలో వేడెక్కిన టైరునుండి గాలిని వదలరాదు. ప్రాతఃకాలమున, బండి కదలకమునుపు, డ్రైవరు తలుపు ప్రక్క చీటీలో వ్రాసిన కొలత ప్రకారము పట్టించవలెను. బరువు నిండుగా నున్నపుడు ఎక్కువ కొలత ఆ చీటీలోనే యుండును.

కొనుటయందు పాటింపవలసిన నియమములు కొలదియే. కారు నిర్మాత సూచించిన అక్షరమునకు, బరువు సంకేతమునకు తగ్గినది, ధర ఎంత చౌకయైనను, మెత్తనిదని ఎవరు చెప్పినను కొనరాదు. ఒక మెట్టు హెచ్చినది కొన్న హాని లేదు. సుఖము కావలెనన్నచో అక్షరమును తగ్గింపక, నిర్మాత అనుమతించిన కొలతలలో ఎత్తైన ప్రక్కగోడ గలదానిని కోరవలెను. టైరుపై నాలుగు అంకెలు తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. ‘2323’ అనగా 2023వ సంవత్సరపు 23వ వారము. గాడులలోని చిన్న గుర్తుల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, టైరు అరిగి వాని మట్టమునకు వచ్చినచో దాని పని తీరినట్లే. అదనపు చక్రమును కూడ చూడుడు. అది సన్ననిదై, 80 కిలోమీటర్లకు మించరాదను చీటీ గలదైనచో, అది పంక్చరు అంగడివరకు చేర్చుటకే గాని కర్నూలు వరకు పోవుటకు కాదు.

రాయలసీమకు దక్షిణమున, తిరుపతి జిల్లా చిన్నపండూరు కడ, 2020లో అపోలో వారి కర్మాగారము తొలి టైరును వెలువరించినది. టైరు నేడు మన నేలపైననే తయారగుచున్నది. దానిపై వ్రాతను చదువుట మాత్రము మన వంతు. రేపు ఉదయము బండి తీయుటకు ముందు ఒక్క నిమిషము వంగి ఆ కడపటి అక్షరమును చూడుడు. తలుపు ప్రక్క చీటీని చూడుడు. ఆ రెంటికిని పొత్తు కుదిరి, గాలి సరిగా నున్నచో, ఇంటివారిని నిశ్చింతగా ఎక్కించుకొనవచ్చును. సెలవు.